తల్లిని అడగని చీటీ

మన వైపు పట్టుపురుగులు మేపే ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు: పురుగుకు నాలుగు జ్వరాలు. జ్వరంలో పడిన పురుగు తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. ఎంత లేత ఆకు వేసినా ముట్టదు. పేరుకు జ్వరమే గాని అది జబ్బు కాదు, పొర విడిచే వేళ. అయితే నిజంగా జబ్బు చేసిన పురుగు కూడా ఆకు ముట్టదు. ఇది ఏది, అది ఏది అని తేల్చుకోవడానికి శిడ్లఘట్ట రైతు తట్టల ముందు కూర్చుని చూస్తాడు. ఎన్ని రోజులు మేసిందో లెక్క పెడతాడు. నిన్న ఎలా ఉందో గుర్తు చేసుకుంటాడు. ఆ తర్వాతే మందు మాట.

పురుగుకు దక్కే ఈపాటి పరీక్ష మనిషికి దక్కడం లేదన్నదే నా ఫిర్యాదు.

మాకు తెలిసిన కుటుంబం ఒకటుంది. సొంత ఊరు బాగేపల్లి దగ్గర. కొడుక్కి 34 ఏళ్ళు. చిక్కబళ్ళాపురంలో కాపురం, బెంగళూరులో ఉద్యోగం. తెల్లవారక ముందే బస్సు ఎక్కాలి, ఇల్లు చేరేసరికి రాత్రి పది. ఏడాదిగా పనిలో తప్పులు దొర్లుతున్నాయి, చెప్పిన మాట మరిచిపోతున్నాడు, ఊరికే విసుక్కుంటున్నాడు. ఎవరో చెబితే బెంగళూరులో ఒక డాక్టరు దగ్గరికి పోయాడు. తోడుగా తల్లి వెళ్ళింది. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల ఇంగ్లీషు ప్రశ్నల కాగితం ఒకటి, దాని మీద టిక్కులు. పది నిమిషాల్లో జబ్బుకు పేరు వచ్చింది, ఎ.డి.హెచ్.డి. అని. నెలకు సరిపడా మాత్రల చీటీ కూడా వచ్చింది. ఇంటికొచ్చాక తల్లి అన్న మాట ఇది: "చిన్నప్పుడు వీడు లెక్కలు చేస్తా కూచుంటే పిలిచినా పలికేవాడు కాదు. బోరు ఎండిపోయి అప్పుల పాలైనకాడి నుంచే నిద్ర లేదు, ధ్యాస లేదు."

ఆ మాట చీటీ రాయకముందు వినవలసింది. వినలేదు. ఎందుకంటే ఎవరూ అడగలేదు.

ఈ జబ్బే బూటకమని నేననడం లేదు. అలా అనేవాళ్ళున్నారు, వాళ్ళు చేసే చెరుపు తక్కువది కాదు. చిన్నప్పటి నుంచీ ఒక పని మీద మనసు నిలవక, బడిలో దెబ్బలు తిని, పెద్దయ్యాక ఉద్యోగాలు పోగొట్టుకుని, సోమరి అనిపించుకున్నవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. 1937లో అమెరికాలో బ్రాడ్లీ అనే డాక్టరు ఇటువంటి పిల్లలకు ఉత్తేజమిచ్చే మందు ఇచ్చి గుణం చూశాడు. 1944లో స్విట్జర్లాండ్‌లో మిథైల్‌ఫెనిడేట్ తయారయింది. పెద్దవాళ్ళలోనూ ఈ లక్షణాలు మిగిలి ఉంటాయని లోకం ఒప్పుకోవడానికి ఆ తర్వాత చాలా కాలం పట్టింది. మందు పని చేస్తుంది కూడా. 2018లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో అనేక పరీక్షలను కలిపి తూచి చూసిన వ్యాసం ఆ మాటే చెప్పింది. అయితే అది తూచింది పన్నెండు వారాల ఫలితాన్ని. ఏళ్ళ తరబడి మింగితే ఏమిటన్నదానికి అంత గట్టి సాక్ష్యం లేదని కూడా ఆ వ్యాసమే చెప్పింది. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, గుండె వేగం, రక్తపోటు పెరగడం ఈ మందు వెంట వచ్చేవే. నిద్ర లేక ధ్యాస తప్పినవాడికి నిద్ర చెడగొట్టే మాత్ర ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి వైద్యం చదవనక్కరలేదు.

రక్తపరీక్షలో గాని ఎక్స్‌రేలో గాని ఈ జబ్బు కనబడదు. దీన్ని పట్టుకునేది మాటతోనే. డాక్టర్లు ప్రమాణంగా పెట్టుకున్న అమెరికా పుస్తకం, 2013 నాటి డి.ఎస్.ఎం. అయిదో కూర్పు, ఏమంటుందో చూడండి. పెద్దవాళ్ళలో కనీసం అయిదు లక్షణాలుండాలి. వాటిలో కొన్ని పన్నెండేళ్ళ లోపే కనబడి ఉండాలి. ఇంట్లో ఒకచోటే కాదు, పనిలోనో బడిలోనో కూడా కనబడాలి. మరే జబ్బూ వాటికి కారణం కాకూడదు. పన్నెండేళ్ళ లోపు సంగతి ఎవరికి తెలుసు? 34 ఏళ్ళవాడి జ్ఞాపకానికా? కన్నతల్లికి తెలుసు, పెంచిన అవ్వకు తెలుసు, చదువు చెప్పిన అయ్యవారికి తెలుసు. మన తాలూకాల్లో ఆ తల్లీ ఆ అవ్వా మాట్లాడేది తెలుగు.

మనకు కన్నడం రాదా అని అడుగుతారు. వస్తుంది. చింతామణి మండీలో టమాటా బేరానికీ, తాలూకా ఆఫీసులో అర్జీకీ సరిపడా వస్తుంది. బడిలో చదివిన పిల్లలకు ఇంకా బాగా వస్తుంది. కాని మనసులో సంగతి చెప్పుకోవడం వేరు. కన్నడంలో 'అవసర' అంటే తొందర. మనకు అవసరం అంటే కావలసినది. 'నీ కొడుక్కి అవసర జాస్తీనా' అని డాక్టరు అడిగేది తొందరపాటు గురించి. బడి మొహం చూడని మన పెద్దమ్మ, సంసారంలో అవసరాలు ఎక్కువే కదా అనుకుని, అవును సామీ అంటుంది. అక్కడ 'గమన' అంటే ధ్యాస, మనకు గమనం అంటే నడక. అక్కడ 'ఆతంక' అంటే దిగులు, మన చెవికి అది ఆటంకంలా తగులుతుంది. ఇలాంటి ఒక్కో మాట మీద కాగితంలో ఒక్కో టిక్కు పడుతుంది. ఇక ఇంగ్లీషు ప్రశ్నల సంగతి చెప్పేదేముంది! పరధ్యానం వేరు, మతిమరుపు వేరు, దిగులు వేరు, అలసట వేరు. మన తల్లులకు ఈ తేడాలన్నీ తెలుసు, అడిగితే విడమరిచి చెబుతారు.

ఇది కన్నడం మీద కత్తి దూయడం కాదు. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు. ఆ నేల మీద పుట్టినవాళ్ళకు రెండు భాషల తగవు ఏమిటి? నా తగవు వినకుండా రాసే చేతితో.

డాక్టర్లకు తీరిక లేదంటారు. నిజమే. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. అందనివాళ్ళు ఇంతమంది ఉండగా అందినవాడికి పది నిమిషాల చీటీ చాలనడం న్యాయమా? తొందరపడ్డ చోట ఏమవుతుందో అమెరికా చూపించింది. ఇంటర్నెట్‌లో కాసేపు మాట్లాడించి ఇదే జబ్బుకు మాత్రలు రాయించే కంపెనీ ఒకదాని అధిపతిని, వైద్యాధికారిని 2024 జూన్‌లో అరెస్టు చేశారు. 4 కోట్లకు పైగా మాత్రలు అక్రమంగా పంచారని అభియోగం.

మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి మందుల షాపువాడు రెండేళ్ళు దాచాలి. మాత్రకు ఇంత కాపలా ఉంది. ఆ మాత్ర ఎవరికి కావాలో తేల్చే మాటకు ఏ కాపలా లేదు. లేదంటే పొరపాటు, చట్టం ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగి సమ్మతి అంటే ఏమిటో చెబుతూ, చికిత్సలోని మంచిచెడ్డలు అతనికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పి తీసుకున్నదే సమ్మతి అంటుంది. చెప్పడానికి ఆ భాష కావాలన్న చట్టం, వినడానికి వద్దంటుందా?

కాబట్టి నేను అడిగేవి మూడు. చిన్నతనం ఎరిగిన మనిషిని వాళ్ళ భాషలో అడగకుండా పెద్దవాళ్ళకు ఈ చీటీ రాయకూడదు. నిద్ర, థైరాయిడ్, రక్తహీనత, చక్కెర, తాగుడు, దిగులు, అప్పులు విచారించకుండా రాయకూడదు. చిక్కబళ్ళాపురం జిల్లా ఆసుపత్రిలో, బాగేపల్లి, చింతామణి తాలూకా ఆసుపత్రుల్లో మనసు జబ్బులవాళ్ళతో తెలుగులో మాట్లాడే మనిషి ఒకరుండాలి. 2022లో మొదలైన టెలి మానస్ ఫోన్ నంబరు 14416 పలు భాషల్లో పలుకుతోంది. ఫోనులో కుదిరింది ఎదురుగా ఎందుకు కుదరదు?

చదివేవాళ్ళకూ ఒక మాట. ఇప్పటికే మాత్రలు వాడుతున్నవాళ్ళు ఈ వ్యాసం చూసి మానేయకండి. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. ఈసారి అమ్మను బయట బెంచీ మీద కూర్చోనివ్వకండి, లోపలికి తీసుకుపోండి. డాక్టరుకు తెలుగు రాకపోతే మీరే ఆమె మాట అందించండి. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా చీటీ తీసుకోకండి.