ఉబ్బసం పిల్లలకు ముక్కు టీకా: రెండు దేశాలు, రెండు నిబంధనలు

ముక్కులో పిచికారీ చేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉంటుంది. అది బలహీనపరచిన వైరస్: ముక్కు లోపలి చల్లని పొరల్లో పెరుగుతుంది గానీ ఊపిరితిత్తుల వెచ్చదనానికి తట్టుకోలేదు. ఒక్కో ముక్కు రంధ్రంలో 0.1 మిల్లీలీటరు చాలు. అమెరికా 2003లో దీన్ని అనుమతించింది. సూది పోటు లేదు కాబట్టి పిల్లలు మారాం చేయరు. చిక్కల్లా ఫ్లూ వస్తే ఎక్కువ ఇబ్బంది పడే ఉబ్బసం పిల్లల దగ్గరే.

వారికి ఈ టీకా ఇవ్వాలంటే కలిగే జంకు ఊరికే పుట్టలేదు. ఐదేళ్లలోపు పిల్లలు ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనం 2007లో వెలువడింది. సూది టీకా వేసుకున్నవారితో పోలిస్తే ముక్కు టీకా పొందినవారిలో ఫ్లూ సుమారు 55 శాతం తక్కువగా కనిపించింది. కానీ ఏడాది నిండని పసివాళ్లలో పిల్లికూతలు, ఆస్పత్రిలో చేరికలు పెరిగాయి. రెండేళ్లలోపు వారికి ఈ టీకా ఇవ్వకపోవడానికి కారణమిదే. అమెరికా మరో అడుగు వేసి, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లల్లో ఉబ్బసం ఉన్నా, గడచిన ఏడాదిలో పిల్లికూతలు వచ్చినా వద్దంది. ఐదేళ్లు దాటిన ఉబ్బసం పిల్లల విషయంలో జాగ్రత్త చాలంది.

2013లో జాతీయ కార్యక్రమంగా పిల్లలకు ముక్కు టీకా మొదలుపెట్టిన బ్రిటన్ అలా ఆగలేదు. అనుమానం ఉన్న పిల్లల్లోనే పరీక్షించి చూసింది. ఈ టీకాను గుడ్లలో తయారుచేస్తారు కాబట్టి, ‘స్నిఫుల్’ పేరుతో జరిగిన అధ్యయనాల్లో ఒకదానిలో గుడ్డు పడని 779 మందికి టీకా ఇచ్చారు. వారిలో సగానికి పైగా ఉబ్బసమో, తరచూ పిల్లికూతలో ఉన్నవారే. ఒంటినంతా కుదిపే అలర్జీ ఒక్కరిలోనూ రాలేదు. తర్వాత ఉబ్బసం లేదా తరచూ పిల్లికూతలున్న 478 మందిని గమనించగా, నాలుగు వారాల్లో వ్యాధి అదుపు తప్పిన దాఖలా కనిపించలేదు. ఈ సంఖ్యలు ధైర్యమిస్తాయి గానీ, అత్యంత అరుదైన దుష్ఫలితాలను తేల్చేంత పెద్దవి కావు.

అందుకే బ్రిటన్ నిబంధనలు జబ్బు పేరును కాక, పిల్లల ఆనాటి స్థితిని చూస్తాయి. గత 72 గంటల్లో పిల్లికూతలు పెరిగితే ముక్కు టీకా ఇవ్వరు. రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అడ్డు కాదు. స్టెరాయిడ్ మాత్రలు క్రమంగా వాడేవారికి, ఉబ్బసంతో ఐసీయూలో చేరినవారికి మాత్రం నిపుణుల సలహా కావాలి. గుడ్డు తిని ఐసీయూ దాకా వెళ్లినవారి విషయమూ అంతే. టీకాలోని జెలటిన్‌కు తీవ్ర అలర్జీ ఉంటే ఇవ్వరు.

భారత్‌లో పుణెకు చెందిన సీరం ఇన్‌స్టిట్యూట్ 2010లో స్వైన్ ఫ్లూకు ‘నాసోవాక్’ అనే ముక్కు టీకాను తెచ్చింది. సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఫ్లూ టీకా లేదు కాబట్టి ఇక్కడ నిర్ణయం తల్లిదండ్రులు, పిల్లల వైద్యుల చేతిలోనే ఉంది. ముక్కు టీకా కుదరనివారికి బతికున్న వైరస్ లేని సూది టీకా ఉంది.