చేతులు కడుక్కున్నంత మాత్రాన



ఆంగ్లములో తరచుగా వినబడే ఒక మాటను ఈ నెల మీ ముందుంచుతున్నాము. "ఐ వాష్ మై హ్యాండ్స్ ఆఫ్ ఇట్" అంటారు. అంటే, "ఈ విషయములో నేను చేతులు కడుక్కుంటున్నాను" అని. మాట ఒక్కటే గాని అర్థములు అనేకము. ఒక అధికారి ఆ మాట అంటే, "ఇందులో నా పూచీ ఏమీ లేదు" అని. చెప్పిన మాట వినని కొడుకు గురించి తండ్రి అంటే, "వాడిమీద ఆశ వదులుకున్నాను" అని. వ్యాపారములో భాగస్థుడు అంటే, "ఇక దీనితో నాకు సంబంధము లేదు" అని. ఇక ఇంటికి వచ్చిన అతిథి "చేతులు కడుక్కోవడానికి ఎటు వెళ్ళాలి?" అని ఆంగ్లములో అడిగితే, మరుగుదొడ్డి ఎక్కడ అని మర్యాదగా అడుగుతున్నాడన్నమాట!

మన తెలుగులో మొదటి అర్థానికి "చేతులు దులుపుకున్నాడు" అంటాము. ఆశ వదులుకున్నదానికి "నీళ్ళొదులుకున్నాడు" అంటాము. చేయి కడుక్కోవడమంటే మనకు భోజనము ముగిసిందనే.

ఆంగ్లేయులకు ఈ మాట పరిశుద్ధ గ్రంథము నుండి వచ్చింది. మత్తయి సువార్త 27:24 చూడండి. పొంతి పిలాతు జనసమూహము ఎదుట నీళ్ళు తెప్పించుకొని చేతులు కడుక్కున్నాడు. నాలుగు సువార్తలలో ఈ సంగతి వ్రాసినవాడు మత్తయి ఒక్కడే. 1526లో విలియం టిండేల్ క్రొత్త నిబంధనను ఆంగ్లములో అచ్చు వేయించాడు. 1611లో కింగ్ జేమ్స్ తర్జుమా వచ్చింది. ఈ రెంటి మధ్య, 1590లలో షేక్స్‌పియర్ తన "రెండవ రిచర్డ్" నాటకములో, రాజును పడద్రోసి జాలి నటించేవారిని చేతులు కడుక్కునే పిలాతుతో పోల్చాడు. ఆ విధముగా గుడిలో చదివిన వాక్యము వీధిలో సామెత అయింది.

అయితే చేతులు కడుక్కోవడము పిలాతుతో మొదలు కాలేదు. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము మొదటి తొమ్మిది వచనములు చదవండి. పొలములో ఒక శవము కనబడింది. చంపినదెవరో తెలియదు. అప్పుడు పెద్దలు, న్యాయాధిపతులు వచ్చి, శవమున్న చోటు నుండి చుట్టుప్రక్కల ఊళ్ళకు ఎంత దూరమో కొలవాలి. ఏ ఊరు దగ్గరైతే ఆ ఊరి పెద్దలు ముందుకు రావాలి. కాడి మోయని పెయ్యను ఏటి లోయకు తీసుకుపోయి దాని మెడ విరగదీసి, దానిమీద చేతులు కడుక్కోవాలి. ఈ రక్తము మేము చిందించలేదని చెప్పి, ప్రజలకు క్షమాపణ వేడుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ పెద్దలు హంతకులు కారు, చూచినవారూ కారు. అయినా "మాకెందుకు?" అనడానికి వీలు లేదు. ముందు దూరము కొలవాలి, తరువాతే నీళ్ళు. పిలాతు సంగతి దీనికి తలక్రిందులు. యేసునందు ఏ నేరమూ లేదని అతడు ముమ్మారు చెప్పినట్లు లూకా వ్రాశాడు. విడిపించే అధికారము కూడా అతని చేతిలోనే ఉన్నది. చేయవలసినది చేయకుండా నీళ్ళు అడిగాడు. తీరా చూస్తే, విశ్వాస ప్రమాణము పలికే సంఘములన్నిటిలో ఈనాటికీ అతని పేరు వినబడుతూనే ఉన్నది. ఆ నీళ్ళు ఆ పేరును కడగలేకపోయాయి.

చేతులు కడుక్కున్న మరొకరిని జ్ఞాపకము చేసుకుందాము. 1847లో వియన్నా జనరల్ ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే వైద్యుడుండేవాడు. అక్కడ ఒక ప్రసూతి విభాగములో ఆ ఏప్రిల్‌లో నూటికి దాదాపు 18 మంది బాలింతలు మరణించారు. శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు, విద్యార్థులు కాన్పులు చేయడమే కారణమని ఆయన గ్రహించాడు. అందరూ బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోవాలని నియమము పెట్టాడు. జూలై నాటికి మరణాలు నూటికి ఇద్దరికన్నా తగ్గాయి. అయినా చాలామంది వైద్యులు ఆయన మాట ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే, ఆ తల్లుల మరణము తమ చేతుల మీదుగానే వచ్చిందని ఒప్పుకోవాలి గదా! పిలాతు "నాది కాదు" అని కడుక్కుంటే, సెమ్మెల్వైస్ "మనదే" అని కడగమన్నాడు.

మన కుటుంబములలో ఈ మాట ఎక్కడ వినబడుతున్నదో ఆలోచించండి. మంచము పట్టిన తల్లిని చూడవలసి వస్తే, "నా వంతు నెలలు అయిపోయాయి, ఇక తమ్ముడు చూసుకోవాలి" అని పెద్దవాడంటాడు. "ఆస్తి తిన్నది అన్నయ్య గదా" అని చిన్నవాడంటాడు. "నేను ఆడపిల్లను, నాదేమున్నది?" అని కూతురంటుంది. ముగ్గురి చేతులూ శుభ్రముగానే ఉన్నాయి. తల్లికి గ్లాసెడు నీళ్ళిచ్చే చేయి మాత్రము లేదు.

అటువంటి సమయములో తప్పెవరిదని వాదించుకోవడముకంటె ఆ పెద్దలు చేసినట్లు చేయడము మేలు. ఆ మంచానికి ఎవరి ఇల్లు దగ్గరో కొలవండి. దగ్గరగా ఉన్నవారే ముందుగా లేవండి. దూరముననున్నవారు వారికి తోడు నిలవండి.