డ్రాయింగ్ పీరియడ్ మనదే



మన బల్కంపేట నుంచి అమీర్‌పేట చౌరస్తా దాకా నడిస్తే గోడల మీద, స్తంభాల మీద, మెట్ల దారుల్లో ఎక్కడ చూసినా కోచింగ్ బోర్డులే. మేమూ ఆ బోర్డుల కింద నిలబడి ఫీజులు కనుక్కున్నవాళ్ళమే. ఆ చదువులను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే అవన్నీ డిగ్రీ అయ్యాక కూడా నేర్చుకోవచ్చు. బొమ్మ గీయడం, పాడడం, నాటకం వేయడం మాత్రం హైస్కూల్లో ఉన్నప్పుడు మొదలుపెడితేనే బాగా వంటబడతాయి.

మాలో చాలామందికి ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. మేము చదివిన బడుల్లో టైంటేబుల్ మీద డ్రాయింగ్ పీరియడ్ ఉండేది. దాన్ని లెక్కల సారు తీసుకునేవారు. పదో తరగతికి వచ్చేసరికి ఆ గడి కూడా మాయమైంది. కలిగినవాళ్ళ పిల్లలకు ఇందులో పెద్ద నష్టం లేదు. సాయంత్రం సంగీతానికి, వేసవిలో పెయింటింగ్‌కు వాళ్ళ తల్లిదండ్రులు ఫీజు కట్టి పంపుతారు. హాస్టల్ పిల్లవాడికి బడిలో దొరకనిది ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ పీరియడ్ పోతే ఎక్కువ నష్టపోయేది మనమే.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళ పదో తరగతి దాకా తప్పనిసరి పాఠ్యాంశాలు కావాలని 2005 నాటి జాతీయ విద్యా ప్రణాళికా చట్రమే చెప్పింది. కళలను చదువు నుంచి వేరుచేసి చూడొద్దని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది. కాగితం మీద మాట ఉంది, చాలా బడుల్లో మాస్టారే లేరు.

ఇక్కడ మన పెద్దలు ఒక మాట అడుగుతారు. "చావుకీ చాటింపుకీ డప్పు కొట్టి కొట్టి మా చేతులు కాయలు కాశాయి. మిమ్మల్ని చదివించింది మళ్ళీ డప్పు పట్టడానికా?" ఆ మాటలో తరాల బాధ ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. కులం పేరు చెప్పి ఊరు మన భుజాన వేసిన డప్పు వెట్టి. అది పోవాల్సిందే. అదే డప్పును గురువు దగ్గర, తాళం లెక్కతో, అన్ని కులాల పిల్లలూ ఒకే వరసలో నిలబడి నేర్చుకుంటే అది విద్య. వెట్టిని విద్యగా మార్చగల చోటు బడి.

దర్శనం మొగులయ్య గారిని చూడండి. డక్కలి కులంలో పుట్టి పన్నెండు మెట్ల కిన్నెరను బతికించిన ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మన ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఆయన గురించి చేర్చారు. పిల్లలు చదివి జవాబు రాస్తారు. కిన్నెర తీగను ముట్టుకున్నవాళ్ళు ఎందరు?

తోట వైకుంఠం గారు అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో, లక్ష్మాగౌడ్ గారు అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. ఇద్దరూ హైదరాబాద్‌లో, ఆ తర్వాత బరోడాలో చిత్రకళ చదివారు. పెద్ద బొట్టు పెట్టుకున్న మన తెలంగాణ అమ్మలు వైకుంఠం గారి బొమ్మల్లో దేశమంతా తిరిగారు. ఊరిని చూసిన కళ్ళు మనకూ ఉన్నాయి. చేతికి శిక్షణే కావాలి.

అందరూ చిత్రకారులు కానక్కర్లేదు. మాలో ఎంతోమందికి మార్కులుండీ ఇంటర్వ్యూ గదిలో గొంతు పెగల్లేదు. ఇంగ్లీషు రాకపోవడం ఒక కారణం. మన మాటను నలుగురు వింటారన్న నమ్మకం లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం. ఏడో తరగతిలో నాటకంలో రెండు మాటలు చెప్పినా ఆ నమ్మకానికి పునాది పడేది.

వార్షికోత్సవానికి పది రోజుల ముందు సినిమా పాటకు స్టెప్పులు నేర్చుకోవడం మనకు అలవాటే. అదీ ఆనందమే. ఏడాదికి పది రోజులు మాత్రం చాలవు. కాబట్టి మూడు పనులు చేద్దాం. తమ్ముళ్ళు చదివే బడిలో డ్రాయింగ్ పీరియడ్‌ను వేరే సబ్జెక్టుకు ఇవ్వవద్దని వార్డెన్ గారి ద్వారా హెడ్మాస్టర్ గారికి విన్నవిద్దాం. పూర్వ విద్యార్థులం ఈసారి జ్ఞాపికలకు పెట్టే డబ్బుతో రంగులు, డ్రాయింగ్ పుస్తకాలు, నాలుగు డప్పులు కొందాం. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే ఐదో స్టేషన్ అసెంబ్లీ. ఆ పక్కనే పబ్లిక్ గార్డెన్స్‌లో పిల్లలకు కళలు నేర్పే జవహర్ బాలభవన్ ఉంది. నెలకొక ఆదివారం మాలో ఒకరం తమ్ముళ్ళను పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకెళ్ళి చెట్ల కింద బొమ్మలు గీయిస్తాం, బాలభవన్‌లో చేర్చే సంగతీ కనుక్కుంటాం.

ఆషాఢంలో ఎల్లమ్మ తల్లి కల్యాణానికి డప్పు మోగితే మన హాస్టల్లో ఎవరి కాళ్ళూ ఆగవు. ఆ దరువుకు టైంటేబుల్లో ఒక గడి అడుగుదాం.