ఎద్దుల జత కొనే ముందు మేత లెక్క వేసుకోండి

పై వీడియోలో మీరు చూస్తున్న ఒంగోలు ఎద్దులు మాకు రెండో జత. మొదటి జతను నాలుగేళ్ల కిందట మే నెలలో అమ్మేశాను. వాటికి జబ్బు చెయ్యలేదు, వయసూ మీరలేదు. వాములో గడ్డి అయిపోయింది, అంతే. వాటిని బండెక్కించేటప్పుడు మా అమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదు.

"ఎద్దులకు ఖర్చేముందండీ, గడ్డి తిని పేడ వేస్తాయి" అని చాలామంది చెబుతుంటారు. నేనూ ఆ మాటే నమ్మి కొన్నాను. ఇప్పుడు నేను చెప్పేది ఒక్కటే: మేత ముందు, ఎద్దులు తర్వాత.

మా నాన్నగారి రోజుల్లో ఈ లెక్క అక్కర్లేదు. వరి కొడవలితో కోసి, నూర్చి, వాము వేసేవాళ్లు. ఊరి పక్కన మేత పోరంబోకు, చెరువు గట్టు ఉండేవి. ఇప్పుడు కోత మిషన్ వచ్చాక గడ్డి నలిగి పొలంలోనే పడిపోతోంది. మిషన్‌తో కట్టలు కట్టించుకోకపోతే చేతికి రాదు. పోరంబోకు ఎటు పోయిందో మీకూ తెలుసు.

ఇక నా లెక్క. ఒక్కో ఎద్దుకి రోజుకి 6 కిలోల ఎండుగడ్డి, 15 కిలోల పచ్చిమేత వేస్తాను. జతకి ఏడాదికి ఎండుగడ్డే 4 టన్నులు దాటుతుంది. అంటే రెండెకరాల వరిగడ్డి. 15 కిలోల కట్టకి 40 రూపాయల చొప్పున 290 కట్టలకి 11,600. పచ్చిమేతకి 20 సెంట్లలో సూపర్ నేపియర్ వేశాను, గట్ల మీద అవిశె పెట్టాను. పనిరోజుల్లో ఒక్కోదానికి 2 కిలోల దాణా, అది 12,000. లాడాలు, పలుపులు, మందులు కలిపి 8,000.

ఇక్కడిదాకా అందరూ లెక్క వేస్తారు. వదిలేసేది మన కష్టం. మేత కొయ్యడం, నీళ్లు పెట్టడం, పేడ తియ్యడం కలిపి రోజుకి రెండు గంటలు. ఏడాదికి 90 పనిరోజులు. 500 చొప్పున 45,000. "ఇంట్లోవాళ్లే కదా చేసేది" అంటారు. ఆ ఇంట్లోవాళ్లు మా ఆవిడ, మా అమ్మ. వాళ్ల ఒంటి కష్టానికి విలువ లేదా అండీ?

మొత్తం 76,600 అయింది. మా ఊళ్లో అరక కూలి రోజుకి 1,500. తోలినవాడి కూలి 600 తీసేస్తే ఎద్దుల సంపాదన 900. అంటే ఏడాదిలో దాదాపు 85 రోజులు పని ఉంటేనే వాటి తిండి అవి సంపాదించుకున్నట్టు. నాకు మిరపలో, కందిలో గుంటక, గొర్రు పనులు 60 రోజులుంటాయి. ఇంకో 40 రోజులు బయటి పొలాలకి తోలతాను. అందుకే నాకు గిట్టుబాటైంది. పేడ, మూత్రం దీనికి అదనం. రెండూ కలిపి రోజుకి 20 కిలోల పైనే పేడ వేస్తాయి.

రెండు, మూడెకరాల రైతుకి అన్ని రోజుల పని ఉండదు. అలాంటప్పుడు జీవామృతం కోసమైతే ఒక్క నాటు ఆవు చాలు. ఎకరానికి కావలసింది 10 కిలోల పేడే కదా. దుక్కికి అరక కూలికి పిలుచుకోండి, లేదా ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒక జతని పెట్టుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

కొనేవాళ్లు మాత్రం సంతకి వెళ్లేముందు ఎండుగడ్డి ఏడాదికి సరిపడా వాము వేసుకోండి. పచ్చిమేత ఒక కోత చేతికొచ్చేదాకా ఆగండి. జొన్న వేస్తే బెట్టకొచ్చిన లేత పైరు జోలికి వెళ్లనివ్వకండి, నాము కడుతుంది. పూత వచ్చాకే మేపండి. గడ్డిని ముక్కలు కొట్టి వేస్తే వృథా తగ్గుతుంది.

ఎద్దులు వద్దని నేను చెప్పట్లేదు. మా కొట్టంలో ఇవి ఉన్నాయంటే నాకు రాత్రి నిద్ర పడుతుంది. కానీ ప్రేమతో కొని ఎండాకాలంలో అమ్ముకునే బాధ నేను పడ్డాను, మీరు పడొద్దు. మీ ఊళ్లో గడ్డి కట్ట ఎంత, అరక కూలి ఎంత ఉందో చూసుకుని ఒక కాగితం మీద మీ లెక్క రాసుకోండి. ఆ తర్వాతే సంతకి బయల్దేరండి.