హ్యాండ్‌బ్యాగులో దాచిన బోర్డు

జోరున వాన. చేతిలో బండెడు ఫైళ్లు. కాళ్లకు హైహీల్స్. ఆఫీసులోంచి బయటపడి ఒకామె పరుగెడుతోంది. బస్సు తప్పిపోతుందనా? ఇంటి దగ్గర ఎవరికో ఒంట్లో బాగాలేదనా? అదేం కాదు. ఆమె వెళుతున్నది బాత్‌రూమ్‌కి! పనిచేసే భవనంలో అన్నీ తెల్లవాళ్లవే. నల్లజాతి స్త్రీ వాడుకోదగ్గ బాత్‌రూమ్ అరమైలు దూరంలో ఉంది. వెళ్లి రావడానికే నలభై నిమిషాలు. రోజూ ఇదే తంతు.

చివరికి ఒకరోజు బాస్ నిలదీస్తాడు... అంతంత సేపు ఎక్కడికి పోతున్నావని. తడిసి ముద్దయిన ఆమె, ఇన్నాళ్లూ దిగమింగుకున్నదంతా ఆఫీసు ఆఫీసంతా వినేలా కక్కేస్తుంది. బాస్ మారు మాట్లాడడు. ఇనుప కడ్డీ పట్టుకుని తిన్నగా వెళ్లి, 'కలర్డ్' అని రాసి ఉన్న బాత్‌రూమ్ బోర్డును అందరూ చూస్తుండగా ఠపీఠపీమని కొట్టి కిందపడేస్తాడు. ఇక నుంచి ఎవరైనా ఏ బాత్‌రూమ్‌కైనా వెళ్లొచ్చని ప్రకటిస్తాడు. చూసేవాళ్ల గుండె ఉప్పొంగుతుంది. చప్పట్లు కొట్టాలనిపిస్తుంది.

2016 డిసెంబరులో విడుదలైన 'హిడెన్ ఫిగర్స్' సినిమాలో అందరికీ గుర్తుండిపోయిన ఘట్టం ఇది. థియోడర్ మెల్ఫీ దర్శకుడు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో లెక్కలు కట్టిన ముగ్గురు నల్లజాతి స్త్రీలు - కేథరీన్ జాన్సన్, డొరొతీ వాన్, మేరీ జాక్సన్ - నిజ జీవితాల ఆధారంగా తీశారు. రెండున్నర కోట్ల డాలర్లు పెడితే ప్రపంచవ్యాప్తంగా 23 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. ఉత్తమ చిత్రంతో సహా మూడు ఆస్కార్ నామినేషన్లు కూడా దక్కాయి.

అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే. ఆ బోర్డు పగలగొట్టే ఘట్టం అసలు జరగలేదు. కెవిన్ కాస్ట్‌నర్ వేసిన ఆ బాస్ పాత్ర కూడా కల్పితమే.

మరి నిజంగా ఏం జరిగింది? కేథరీన్ జాన్సన్ వర్జీనియా రాష్ట్రం హ్యాంప్టన్‌లోని లాంగ్లీ పరిశోధనా కేంద్రంలో చేరింది 1953లో. రెండు వారాలకే ఆవిడను విమానాల మీద పరిశోధన చేసే విభాగానికి పంపారు. అక్కడి బాత్‌రూమ్‌ల మీద బోర్డుల్లేవు. ఆవిడ మామూలుగా వెళ్లి మామూలుగా వచ్చేవారు. అది తెల్లవాళ్లదని తర్వాత తెలిసినా మానలేదు. వానలో పరుగులూ లేవు, కన్నీళ్లూ లేవు. ఆ పరుగు ఆవిడ చేయనే లేదని సినిమా వచ్చాక జర్నలిస్టులతోనూ చెప్పారు.

బాత్‌రూమ్ అవమానం జరిగింది మేరీ జాక్సన్‌కి. ఒక పనిమీద వేరే భవనానికి వెళ్లిన ఆవిడ, నల్లవాళ్ల బాత్‌రూమ్ ఎక్కడని అక్కడి తెల్లజాతి ఉద్యోగినులను అడిగారు. మీది ఎక్కడుందో మాకేం తెలుసన్నట్టు వాళ్లు కిసుక్కున నవ్వారు. కోపంతో రగిలిపోతూ వస్తుంటే కజిమీర్ జార్నెకీ అనే ఇంజినీరు ఎదురయ్యాడు. ఆవిడ ఉక్రోషమంతా ఆయన ముందు వెళ్లబోసుకుంది. విని ఆయన అన్నది ఒకే మాట... వచ్చి నా దగ్గర పనిచేయమని. మేరీ జాక్సన్ ఇంజినీరు కావడానికి దారి అక్కడే పడింది. సినిమాకి ఇంతకన్నా మంచి ఘట్టం ఏం కావాలో ఆ రచయితలకే తెలియాలి!

ఇక బోర్డు సంగతి. నిజంగానే బోర్డు తీసేసిన మనిషి ఒకరున్నారు. ఆమె పేరు మిరియం మాన్. ఆ కథ తెలియాలంటే ఇంకో పదేళ్లు వెనక్కి వెళ్లాలి.

కంప్యూటర్ అంటే యంత్రం కాదు, మనిషి అయిన రోజులవి. లెక్కలు కట్టే ఉద్యోగానికి పేరే 'కంప్యూటర్'. నాసాకి ముందు ఉన్న నాకా అనే సంస్థ 1935 నుంచే లాంగ్లీలో ఈ పనికి స్త్రీలను తీసుకుంది... తెల్లవాళ్లనే లెండి. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. విమానాలు కుప్పలుతెప్పలుగా కావాలి. మగవాళ్లు యుద్ధానికి పోయారు. రక్షణ రంగ ఉద్యోగాల్లో జాతి వివక్ష కూడదంటూ 1941లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇచ్చారు. అలా 1943లో నల్లజాతి స్త్రీలకు లాంగ్లీ తలుపులు తెరుచుకున్నాయి. వచ్చినవాళ్లలో చాలామంది బడుల్లో లెక్కలు చెప్పే టీచర్లు. డొరొతీ వాన్ కూడా అంతే. పిల్లల్ని అత్తగారింట ఉంచి, యుద్ధం అయ్యేదాకా నాలుగు డబ్బులొస్తాయని వచ్చారు. 28 ఏళ్లు ఉండిపోయారు!

తలుపులైతే తెరిచారు గానీ వర్జీనియా చట్టం చట్టమే. వేరే గది, వేరే బాత్‌రూమ్. క్యాంటీన్‌లో ఓ మూల వేరే బల్ల. దాని మీద 'కలర్డ్ కంప్యూటర్స్' అని రాసిన చిన్న బోర్డు. డిగ్రీలు చేతపట్టుకుని, యుద్ధ విమానాలకు లెక్కలు కట్టేవాళ్లు మధ్యాహ్నం అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు కళ్లెదుట కనిపించేది ఆ బోర్డే.

మిరియం మాన్ ఒకరోజు దాన్ని తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు. కొన్నాళ్లకు ఇంకో బోర్డు ప్రత్యక్షమైంది. అదీ బ్యాగులోకి వెళ్లింది. మళ్లీ ఇంకోటి. మళ్లీ బ్యాగు. అలిగి కేకలు వేయలేదు, అర్జీలు పెట్టలేదు. ఉద్యోగం ఊడుతుందని భర్త భయపడ్డాడు. ఊడితే ఊడనీ అన్నట్టే ఉన్నారావిడ. ఈ దాగుడుమూతలు చాలాకాలమే సాగాయి. చివరికి విసిగిపోయింది బోర్డు పెట్టేవాళ్లే. ఒకసారి పోయిన బోర్డు మళ్లీ రాలేదు.

ఈ సంగతులన్నీ సినిమాకి ఆధారమైన పుస్తకంలోనే ఉన్నాయి. మార్గో లీ షెటర్లీ రాసిన ఆ పుస్తకం పేరు కూడా 'హిడెన్ ఫిగర్స్'. ఆవిడ పుట్టి పెరిగింది హ్యాంప్టన్‌లోనే. తండ్రి లాంగ్లీలో శాస్త్రవేత్త. ఇరుగుపొరుగునా, చర్చిలోనూ నల్లజాతి ఇంజినీర్లూ లెక్కల నిపుణులూ కనిపిస్తుంటే, లోకమంతా ఇలాగే ఉంటుంది కాబోలని చిన్నప్పుడు అనుకున్నారట.

పుస్తకంలోంచి సినిమాలోకి వచ్చేసరికి జరిగిందేమిటో చూడండి. మేరీకి జరిగిన అవమానం కేథరీన్‌కి వెళ్లింది. మిరియం చూపిన ధైర్యం బాస్‌కి వెళ్లింది. గుర్తింపునకు నోచుకోని నల్లజాతి స్త్రీల గురించి తీసిన సినిమాలోనే ఒక నల్లజాతి స్త్రీ చేసిన పని తెల్లజాతి మగవాడి ఖాతాలో పడింది. దర్శకుణ్ని దీని గురించి అడగకపోలేదు. మంచి పని జరగడం ముఖ్యం గానీ ఎవరు చేస్తే ఏముందన్నట్టు జవాబిచ్చాడు. ఇలాంటి మాట చెప్పడం ఎప్పుడూ తేలికే... పోయిన పేరు తనది కానప్పుడు.

సినిమా అన్నాక కొంత మార్చక తప్పదు, నిజమే. రెండు గంటల్లో ఇరవై ఏళ్లు చూపించాలి. జాన్ గ్లెన్ 1962 ఫిబ్రవరిలో భూమి చుట్టూ తిరిగి రావడానికి ముందు, కొత్తగా వచ్చిన యంత్రం కట్టిన లెక్కలను కేథరీన్ చేత సరిచూపించమని అడిగిన మాట వాస్తవం. ఆ పనికి ఆవిడకు పట్టింది ఒకటిన్నర రోజు. సినిమాలో మాత్రం గ్లెన్ రాకెట్ ఎక్కబోయే ముందు, ఉరుకులు పరుగుల మీద నిమిషాల్లో అయిపోతుంది. దీన్ని ఎవరూ తప్పు పట్టక్కర్లేదు. సస్పెన్స్ కావాలిగా! కానీ డొరొతీ వాన్ విషయం అలా కాదు. నల్లజాతి స్త్రీల విభాగం బాధ్యతలు ఆవిడకు 1949లోనే వచ్చాయి. నాకాలో మొదటి నల్లజాతి సూపర్‌వైజర్ ఆవిడే. సినిమాలో 1961 వచ్చినా ఆ పదవి కోసం పై అధికారిణిని బతిమాలుకుంటూనే ఉంటుంది. మేరీ జాక్సన్ 1958లోనే ఇంజినీరయ్యారు. సినిమాలో అదీ తర్వాతి మాటే. వేరే బాత్‌రూమ్‌లూ వేరే బల్లలూ కూడా 1958లో నాసా ఏర్పడినప్పుడే అధికారికంగా పోయాయి. వాళ్లు పోరాడి సంపాదించుకున్న పన్నెండేళ్లను సినిమా తీసేసుకుంది. ఎందుకంటే బాస్ వచ్చి ఇవ్వడానికి ఏదో ఒకటి మిగలాలి మరి.

అలాగని ఇది తీసిపారేయాల్సిన సినిమా ఎంతమాత్రం కాదు. జాతి వివక్ష మీద వచ్చే సినిమాల్లో సాధారణంగా ఒక దుర్మార్గుడుంటాడు. వాడు పోతే వివక్ష పోయినట్టే. 'హిడెన్ ఫిగర్స్' ఆ దారి తొక్కలేదు. ఇందులో వివక్ష ఒక కాఫీ కెటిల్. కేథరీన్ పాత్ర కొత్త ఆఫీసులో చేరి అందరిలాగే కాఫీ పోసుకుంటుంది. మర్నాటికి పక్కన చిన్న కెటిల్ వెలుస్తుంది, 'కలర్డ్' అని చీటీ అంటించి. ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఆ దృశ్యం చూస్తూ రెండు గ్లాసుల టీకొట్టు గుర్తురాని తెలుగువాళ్లుంటే ఆశ్చర్యమే. ఇంకో ఘట్టం కూడా ఉంది. తెల్లజాతి అధికారిణి బాత్‌రూమ్‌లో అద్దం ముందు నిలబడి, మీ వాళ్ల మీద నాకే ద్వేషమూ లేదంటుంది. మీరలా నమ్ముతున్నారని నాకు తెలుసని డొరొతీ మర్యాదగా బదులిస్తుంది. ఒక్క మాట! అవతలామె మొహంలో నెత్తుటి చుక్క ఉండదు. గడ్డపారలతో కొట్టిన దెబ్బలకన్నా ఇది గట్టిది.

హాలీవుడ్‌కి ఈ విషయాలు పరాయివీ కావు. 'గాన్ విత్ ద విండ్' సినిమాకి 1939 డిసెంబరులో అట్లాంటా నగరంలో ప్రీమియర్ షో వేస్తే, అందులో నటించిన హ్యాటీ మెక్‌డేనియల్ వెళ్లలేకపోయారు. అక్కడి థియేటర్లలో తెల్లవాళ్లతో కలిసి కూర్చోనివ్వరు కాబట్టి. రెండు నెలలకే ఆవిడకు ఆస్కార్ వచ్చింది. ఆ అవార్డు అందుకున్న తొలి నల్లజాతి వ్యక్తి ఆవిడే. వేడుక జరిగిన హోటల్లోకి నల్లవాళ్లకు ప్రవేశం లేదు. నిర్మాత ప్రత్యేకంగా అడిగి అనుమతి తెచ్చారు. తోటి నటులతో కాదు, గోడవారన వేరే చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడకు బహుమతి తెచ్చిపెట్టిన పాత్ర కూడా యజమానురాలికి సేవ చేసే దాసిదే.

తర్వాత డెబ్బై ఏళ్లకు 2011లో 'ద హెల్ప్' వచ్చింది. అదీ పనిమనుషుల కథే. కాకపోతే వాళ్ల కథను లోకానికి చెప్పేది ఒక తెల్లజాతి అమ్మాయి. అందులో నటించిన వయోలా డేవిస్, చివరికి ఆ పనిమనుషుల గొంతు వినిపించలేదంటూ ఆ సినిమా ఒప్పుకున్నందుకు 2018లో విచారం వ్యక్తం చేశారు. మంచి తెల్లమనిషి ఒకరు లేకపోతే ప్రేక్షకులు రారన్న బెంగ నిర్మాతలను ఎంతకూ వదలదు కాబోలు.

ఆ బెంగ లేకుండానూ తీయొచ్చని 2024లో వచ్చిన 'ద సిక్స్ ట్రిపుల్ ఎయిట్' చూస్తే తెలుస్తుంది. యుద్ధంలో ఉన్న సైనికులకు చేరకుండా గోదాముల్లో గుట్టలుగా పడిపోయిన కోటీ డెబ్బై లక్షల ఉత్తరాలూ పార్సిళ్లను తేల్చడానికి, 1945లో 855 మంది నల్లజాతి స్త్రీలను ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కి పంపారు. ఆరు నెలల పని. మూడు నెలల్లో ముగించారు. మీకు చేతకాదు, తెల్లజాతి అధికారిని పంపి నేర్పిస్తానని ఒక జనరల్ బెదిరిస్తే, నా శవం మీదుగా వెళ్లాలని మేజర్ ఛారిటీ ఆడమ్స్ ఆయన మొహానే చెప్పారు. ఇది కల్పన కాదు, జరిగిందే. సినిమాగా చూస్తే అక్కడక్కడా సాగతీత ఉంది. మెలోడ్రామా కూడా ఎక్కువే. అయినా ఆడమ్స్ తరఫున మాట్లాడటానికి ఎవరూ ఊడిపడరు.

'హిడెన్ ఫిగర్స్' వల్ల జరిగిన మేలు మాత్రం కాదనలేనిది. 2017 ఆస్కార్ వేడుకలో 98 ఏళ్ల కేథరీన్ జాన్సన్‌ను చక్రాల కుర్చీలో వేదిక మీదికి తీసుకొస్తే హాలంతా లేచి నిలబడింది. వాషింగ్టన్‌లోని నాసా ప్రధాన కార్యాలయానికి 2020లో మేరీ జాక్సన్ పేరు పెట్టారు. అప్పటికి మేరీ పోయి పదిహేనేళ్లు. డొరొతీ వాన్ 2008లోనే కన్నుమూశారు. తమ మీద సినిమా వస్తుందని వాళ్లిద్దరికీ తెలియనే తెలియదు. కేథరీన్ 101 ఏళ్లు బతికి 2020 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు.

పిల్లలతో కలిసి చూడదగ్గ సినిమా ఇది. పరీక్షల్లో లెక్కలంటే బెదిరిపోయే ఆడపిల్లలుంటే మరీ మంచిది. బాస్ బోర్డు పగలగొడుతున్నప్పుడు కాస్త ఆపి, పక్కనున్న పిల్లలకు ఆ హ్యాండ్‌బ్యాగు సంగతి కూడా చెబితే సరిపోతుంది.

అమెరికా పార్లమెంటు ఇచ్చే అత్యున్నత గౌరవం కాంగ్రెషనల్ గోల్డ్ మెడల్. 2024 సెప్టెంబరులో ఈ స్త్రీల పేరిట అయిదు పతకాలు ఇచ్చారు. కేథరీన్, డొరొతీ, మేరీలకు మూడు. నాలుగోది క్రిస్టీన్ డార్డెన్‌కి. పుస్తకంలో ఆవిడ కథ కూడా ఉంది గానీ లాంగ్లీలో చేరింది 1967లో కాబట్టి సినిమాలోకి రాలేదు. అయిదోది ఏ ఒక్కరి పేరు మీదా లేదు. 1930ల నుంచి 1970ల దాకా నాకాలోనూ నాసాలోనూ కంప్యూటర్లుగా, గణిత నిపుణులుగా, ఇంజినీర్లుగా పనిచేసిన స్త్రీలందరికీ కలిపి ఇచ్చింది. మిరియం మాన్ వాటా అందులోనే ఉంది.