డంకర్క్‌లో దయ ఎక్కడిది?

1940 మే నెలాఖరులో జర్మన్లు ఫ్రాన్స్‌లోని డంకర్క్ తీరానికి తరిమిన బ్రిటిష్ సేనను హిట్లర్ కావాలనే వదిలేశాడని ఒక కథ ఉంది. ఇంగ్లీషువాళ్లంటే అభిమానమట, సంధికి దారి ఉంచుకుందామని ట్యాంకులను ఆపించాడట. ఈ కథ చెప్పేవాళ్లంతా అదేదో తమకొక్కరికే తెలిసిన రహస్యం అన్నట్టు గొంతు తగ్గిస్తారు.

ట్యాంకులు ఆగిన మాట నిజమే. కాని ముందు ఆపింది హిట్లర్ కాదు. మే 23 సాయంత్రం జర్మన్ సేనాపతి రుండ్‌స్టెట్ ఆపాడు. మర్నాడు షార్ల్‌విల్‌లో అతని మకాంకి వచ్చిన హిట్లర్ సరేనన్నాడు, అంతే. మ్యూజ్ నది దాటాక పది రోజులుగా పరుగెత్తిన ట్యాంకుల్లో చాలా మూలపడ్డాయి. 21న అరాస్ దగ్గర బ్రిటిష్ ట్యాంకులు తిరగబడిన అదురు ఇంకా తగ్గలేదు. ముందున్నదా, కాలవలూ బురదా నిండిన నేల. దక్షిణాన ఫ్రెంచివాళ్లతో అసలు యుద్ధం మిగిలే ఉంది. మిగతా పని విమానాలు చూసుకుంటాయని వైమానిక దళాధిపతి గోరింగ్ బడాయి ఒకటి.

ఆ 24నే వెలువడిన హిట్లర్ 13వ యుద్ధ ఆదేశం ఏం చెప్పింది? చుట్టుముట్టిన సేనలను నిర్మూలించాలని, ఇంగ్లీషువాళ్లు సముద్రం దాటకుండా వైమానిక దళం అడ్డుకోవాలని. దయ తలచినవాడి రాతేనా ఇది? 26 మధ్యాహ్నానికి ట్యాంకులను ఆపిన ఆజ్ఞను ఎత్తేశారు. 27న లె పారడీ గ్రామంలో లొంగిపోయిన 97 మంది బ్రిటిష్ సైనికులను నాజీ ఎస్‌ఎస్ మూక కొట్టం గోడ పక్కన కాల్చి చంపింది.

హిట్లర్ దయ కథకు బలం వచ్చింది యుద్ధం ముగిశాక. రుండ్‌స్టెట్ దగ్గర పనిచేసిన బ్లూమెన్‌ట్రిట్, ఇంగ్లీషు రచయిత లిడెల్ హార్ట్‌కు ఈ ముక్క చెప్పాడు. తప్పంతా చచ్చిన హిట్లర్ మీదికి నెట్టేస్తే ఎదురు చెప్పేదెవరు?

సైనికులు తప్పించుకున్న తీరు వేరు. రేవు తూర్పున అలల తాకిడికి అడ్డంగా కట్టిన గోడ ఒకటి, దాదాపు మైలు పొడవు. ఓడలు ఆనించడానికి కట్టింది కాదు. పైన బాట మీద ముగ్గురు నలుగురు పక్కపక్కన నడవగలరు. 27 రాత్రి బ్రిటిష్ నౌకాదళ అధికారి టెనెంట్ ఒక ఓడను దాని పక్కకు రప్పించి చూశాడు. ఆనింది. బయటపడిన 3,38,226 మందిలో 2,39,000 పైచిలుకు రేవు నుంచే ఎక్కారు. చిన్న పడవలే సేనను కాపాడాయన్న కథ కూడా కొంచెం పొంగించిందే! భారత సైన్యపు కంచరగాడిదల దళాలవాళ్లూ డంకర్క్ నుంచి బయటపడ్డారు, జంతువులను మాత్రం వదిలేసి.

ఈలోగా లిల్ నగరంలో చిక్కుకున్న ఫ్రెంచి సైనికులు మే 31 దాకా పోరాడి అనేక జర్మన్ డివిజన్లను కట్టిపడేసి, ఈ తరలింపుకు వ్యవధి ఇచ్చారు. జూన్ 4 పొద్దున జర్మన్లు డంకర్క్‌లో అడుగుపెట్టేసరికి, చివరిదాకా కాపు కాసిన ఫ్రెంచివాళ్లు 35, 40 వేల మంది ఇంకా ఒడ్డునే ఉన్నారు. వాళ్లందరినీ బందీలుగా పట్టుకుపోయారు.