తప్పు మిషన్‌ది కాదు, డబ్బాలోని పెట్రోలుది

తొలకరి పడి గట్ల మీద గడ్డి మోకాలెత్తు లేచేసరికి మెకానిక్ షెడ్ల ముందు బ్రష్ కట్టర్లు వరుస కడతాయి. ఎవరిని కదిపినా ఒకటే మాట: "స్టార్టవుతుంది, రేసిస్తే ఆగిపోతుంది." వేసవంతా పాకలో మూలన పడి ఉన్న మిషన్, దాని టాంకులో వేసవికి ముందు పోసిన పెట్రోలు. మెకానిక్ కార్బురేటర్ విప్పుతాడు, కడిగి ఊదుతాడు, డబ్బు తీసుకుంటాడు. వారం తిరక్కుండానే అదే మిషన్ మళ్లీ అదే షెడ్డుకు వస్తుంది. చివరికి "చైనా సరుకు ఇంతే" అని తీర్పు చెప్పి మూలకు నెట్టేస్తారు. చాలాసార్లు ఆ తీర్పు తప్పు. నేరం ఇంధనానిది. ఆ ఇంధనం సంగతి కొన్నవాడికి చెప్పని వాళ్లది.

ఈ మర పుట్టిల్లు అమెరికాలోని హ్యూస్టన్. 1971లో జార్జ్ బల్లాస్ అనే వ్యాపారి, కార్లు కడిగేచోట గిర్రున తిరిగే బ్రష్షుల్ని చూసి, ఒక రేకు డబ్బాకు బెజ్జాలు పొడిచి, గాలపు తీగ దూర్చి తిప్పి చూశాడు. ఆయనకు కావలసింది పెరట్లో చెట్ల మొదళ్ల చుట్టూ గడ్డి తీయడం. మన దగ్గరికొచ్చేసరికి అది తీగ బదులు ఉక్కు బ్లేడు బిగించుకుని ఏలూరు పామాయిల్ తోటల్లోకీ, నూజివీడు మామిడి తోటల్లోకీ, హైదరాబాద్ డివైడర్ల మీదికీ చేరింది. కూలీలు దొరకని రోజుల్లో దీని విలువ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. 2014-15లో కేంద్రం మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద 40 నుంచి 50 శాతం రాయితీ మీద ఇచ్చే పరికరాల్లో ఇదీ ఉంది. అయితే రాయితీ కొనుగోలుతోనే సరి. ఆగిపోయిన మిషన్ బాధ్యత ఎవరిదీ కాదు.

ఆగే తీరును గమనిస్తే సగం రోగం తెలిసిపోతుంది. చోక్ వేసి ఉంచినంతసేపు నడిచి, తీయగానే ఆగిపోతే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదన్నమాట. టాంకులో గొట్టం చివర వేలాడే చిన్న ఫిల్టర్ పూడి ఉండొచ్చు, గొట్టం చీలి గాలి పీల్చుకుంటూ ఉండొచ్చు, కార్బురేటర్ జెట్‌లో కచరా పడి ఉండొచ్చు. అలాకాకుండా ఊరికే ఉన్నప్పుడు ఆగిపోయి, రేసు పట్టుకుంటే బాగానే నడుస్తుంటే ముందు చూడాల్సింది ఐడిల్ స్క్రూ. వేడెక్కాక ఆగి, పూర్తిగా చల్లారితే తప్ప ప్లగ్గులో నిప్పు రాకపోతే కాయిల్‌ను అనుమానించాలి. రేసిచ్చినా గొంతు పెగలక మూలుగుతుంటే సైలెన్సర్ నోటికున్న సన్నటి జల్లెడ మసితో మూసుకుపోయిందేమో చూడాలి. అది తీసి బ్రష్షుతో రుద్దడానికి మెకానికే అక్కర్లేదు.

అందరినీ తికమక పెట్టేది మాత్రం టాంకు మూత. పది నిమిషాలు చక్కగా పనిచేస్తుంది, ఆగిపోతుంది, కాసేపు పక్కన పెడితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. కార్బురేటర్ మార్చినా, ప్లగ్గు మార్చినా ఇదే తంతు. పెట్రోలు తగ్గినకొద్దీ టాంకులోకి గాలి వెళ్లడానికి మూతలోనో పక్కనో సన్నటి దారి ఉంటుంది. గడ్డి పిప్పి, దుమ్ము చేరి అది మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు పైకి రాదు. ఆగిన వెంటనే మూత కొంచెం వదులు చేసినప్పుడు సుయ్‌మని గాలి లోపలికి పోతే దొంగ దొరికినట్టే. (వేడి ఇంజను మీద పెట్రోలు చిందకుండా, దగ్గర్లో బీడీ వెలగకుండా చూసుకునే ఈ పని చేయాలి.)

ఇక ఆయిల్ కలపడం. రెండు స్ట్రోకుల మిషన్‌కు పెట్రోల్లోనే టూటీ ఆయిల్ కలపాలి. కంపెనీ 50:1 అని చెబితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. మన దగ్గర కొలత చాలామందికి సీసా మూతే. "కాస్త ఎక్కువ పడితే ఇంజనుకు మంచిదే" అన్న నమ్మకం ఒకటి. ఆయిల్ ఎక్కువైన మేరకు పెట్రోలు తగ్గుతుంది, ప్లగ్గు తడుస్తుంది, సైలెన్సర్లో మసి పేరుకుంటుంది. ఆయిల్ తక్కువైతే మరీ ప్రమాదం, పిస్టన్ గీసుకుపోయి ఇంజను బోరుకొస్తుంది. హోండా జీఎక్స్35 లాంటి నాలుగు స్ట్రోకుల మిషన్లకు ఆయిల్ వేరే చోట పోయాలి, పెట్రోల్లో కలపకూడదు. బయటికి రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి. అరువు తెచ్చుకున్న మిషన్‌లో పక్కింటి డబ్బాలోని పెట్రోలు పోసేవాళ్లకు ఈ తేడా ఎవరు చెప్పాలి?

ఈ పాత జబ్బులకు తోడు ఇప్పుడు ఇంకోటి వచ్చింది. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోల్లో ఇథనాల్ వాటా 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని ముందుకు జరిపి, 2025లోనే 20 శాతం అందుకున్నారు. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. అంటే అదే గాలికి ఈ మిశ్రమం ఇంకొంచెం ఎక్కువ పోయాలి. ఇంజెక్షన్ ఉన్న కారులో ఆ లెక్క కంప్యూటరు సరిచూసుకుంటుంది. బ్రష్ కట్టర్‌కు ఉన్నది ఒక ఇత్తడి స్క్రూ. కొన్నిటికి ఆ స్క్రూ కూడా తిప్పే వీల్లేకుండా మూత వేసి ఉంటుంది. ఫలితం, రేసివ్వగానే పెట్రోలు చాలక ఆగిపోవడం, ఆగకపోతే అతిగా వేడెక్కడం.

నీటి గొడవ ఇంకా పెద్దది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం నింపిన డబ్బాను వానాకాలం నెలల తరబడి వదిలేస్తే, నీరు హద్దు మీరినప్పుడు ఇథనాల్ దానితో కలిసి విడిపోయి అడుక్కి దిగుతుంది. ఫిల్టర్ ఉండేదీ అడుగునే. టూటీ ఆయిల్ ఆ పొరలో కలవదు, పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. అంటే ఇంజను మొదట మింగేది ఆయిల్ లేని నీళ్ల సారాయిని. కార్బురేటర్‌లోని పల్చటి రబ్బరు పొరలు, డయాఫ్రమ్‌లు, ఇథనాల్‌ను తట్టుకునే రకం కాకపోతే గట్టిపడతాయి. భుజాన వేసుకుని ఎటు వంచినా పెట్రోలు తోడిపెట్టేవి ఆ పొరలే.

అమెరికాలో 15 శాతం ఇథనాల్ పెట్రోలు అమ్మే పంపు మీద, దాన్ని పడవల్లో, పెట్రోలుతో నడిచే చిన్న పరికరాల్లో వాడకూడదని, వాడడం చట్టవిరుద్ధమని చీటీ అంటించి ఉంటుంది. మన దగ్గర 20 శాతం మీద చర్చంతా కార్లు, బైకుల మైలేజీ చుట్టూ తిరిగింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని, బంకుల్లో వివరం రాయాలని కోరిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. గడ్డి మిషన్ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎక్కువమంది తయారీదారులు తమ చిన్న ఇంజన్లకు 10 శాతం దాటొద్దని పుస్తకంలో రాస్తారు, ఆ పుస్తకం తెలుగులో అరుదు.

ఇథనాల్ వద్దనడం ఇక్కడ ఉద్దేశం కాదు. మొక్కజొన్నకు అది కొత్త గిరాకీ తెచ్చింది. ఆ పంట అమ్ముకున్న రైతే మరునాడు అదే ఇథనాల్ కలిసిన పెట్రోలు పోసి మిషన్ పాడుచేసుకోవడం విడ్డూరం. రాయితీ మీద ఇచ్చే ప్రతి మిషన్ టాంకు మీద ఎంత శాతం ఇథనాల్‌కు అది తయారైందో, ఆయిల్ ఎంత కలపాలో తెలుగులో రాయాలని రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ శాఖలూ షరతు పెట్టొచ్చు. ఒక కొలత పాత్ర, ఒక డయాఫ్రమ్ సెట్టు, ఒక ఫిల్టర్ పెట్టెలోనే పెట్టించొచ్చు. వాటి ఖర్చు రాయితీ మొత్తంలో లెక్కకు రానంత.

అంతవరకు రైతులు చేయగలిగింది కొంత ఉంది. నెలకు సరిపడా పెట్రోలే కలుపుకోండి. పని కాలం ముగిశాక టాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి దాచండి. మళ్లీ సీజన్‌లో మిషన్ మొరాయిస్తే కొత్త కార్బురేటర్‌కు డబ్బు ఇచ్చేముందు పాత పెట్రోలు పారబోసి కొత్తది పోసి, ఫిల్టర్ మార్చి, మూత వదులు చేసి చూడండి. ఆ తర్వాతా ఆగితే మెకానిక్ దగ్గరికి వెళ్లండి.